పరీక్ష నెగ్గిన పొగ: ఒక బయోమాస్ బాయిలర్ కేసు

ఈ కేసు రాయడానికి ఒప్పుకున్నవాళ్లు ఒక్క షరతే పెట్టారు: ఏ ఊరో, ఏ సంస్థో, ఎవరెవరో బయటపడకూడదు. అందుకని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. బాయిలర్ ఎలా ప్రవర్తించింది, మేం ఏ లెక్క వేసుకుని ఏ నిర్ణయానికి వచ్చాం, ఎక్కడ పొరపాటు పడ్డాం అన్నవి మాత్రం దాచలేదు. బాయిలర్లలో మంట సరిచేయడం, పొగగొట్టంలోంచి ఏం పోతోందో కొలవడం నా పని.

నేపథ్యం

చలి ఎక్కువగా ఉండే ఒక లోయ. అడుగున ఒక రెసిడెన్షియల్ విద్యాసంస్థ, పక్కనే చిన్న ఆసుపత్రి. తరగతి గదులకీ హాస్టళ్లకీ ఆసుపత్రికీ ఒకే బాయిలర్ గది నుంచి వేడినీళ్లు గొట్టాల్లో వెళ్తాయి, గదుల్లో రేడియేటర్లు ఉంటాయి. పాత ఆయిల్ బాయిలర్ తీసేసి 500 కిలోవాట్ల బయోమాస్ బాయిలర్ పెట్టారు. ఇంధనం రెండు రకాలు. ఒకటి, అడవిలో చెట్లు పలచన చేసినప్పుడు వచ్చే సన్న కలప, కొమ్మలు. వీటిని బెరడుతో సహా ముక్కలు కొట్టి తెస్తారు. రెండోది, చుట్టుపక్కల పొలాల్లో కోతయ్యాక మిగిలే గోధుమ గడ్డి. పొగలోని ధూళి పట్టడానికి బాయిలర్ వెనక ఒక మల్టీసైక్లోన్ (పొగని తిప్పి ధూళిని రాల్చే సైక్లోన్ గొట్టాల గుంపు) ఉంది.

వీళ్ల ఉద్దేశం మంచిదని మొదటే చెప్పాలి. ఆయిల్ మానేశారు. రైతులు పొలంలోనే తగలబెట్టే గడ్డిని కొంటున్నారు. గడ్డిని ఆరుబయట కాల్చడం కన్నా బాయిలర్‌లో కాల్చడం నయమన్న మాటలో తప్పేమీ లేదు, ఆ బాయిలర్ సరిగ్గా మండితే.

వచ్చిన సమస్య

లోయకి ఒక పక్క వాలు మీద మూడు వరసల ఇళ్లున్నాయి. మొదటి చలికాలంలోనే అక్కడినుంచి ఫిర్యాదులు వచ్చాయి. తెల్లవారి లేచేసరికి ఇంట్లో పొగ వాసన, ఆరేసిన బట్టలకి కమురు వాసన, పిల్లలకి దగ్గు. ఉబ్బసం ఉన్న ఒక అబ్బాయిని ఆ చలికాలంలో రెండుసార్లు అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చిందని వాళ్లమ్మ చెప్పారు. ఆ రెండు తేదీలూ నా పుస్తకంలో రాసుకున్నాను.

యాజమాన్యం దగ్గర ఒక పరీక్ష నివేదిక ఉంది. పొగగొట్టంలో ధూళి పరిమితి లోపలే ఉందని అందులో స్పష్టంగా ఉంది. పరీక్ష చేసినవాళ్లు నిజాయితీపరులే, పరికరాలూ మంచివే. అయినా వాసన ఆగలేదు. దాంతో రెండు పక్షాలూ ఒకరినొకరు అబద్ధాలకోరులుగా చూడడం మొదలుపెట్టారు. నేను వెళ్లేసరికి రెండు చలికాలాలు గడిచిపోయాయి.

నాకంటే ముందు చేసింది ఒకటే: పొగగొట్టం ఎత్తు పెంచారు. కింది వరస ఇళ్లకి వాసన తగ్గింది, పై వరస ఇళ్లకి పెరిగింది. కారణం లోయ. గాలి కదలని రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, చల్లగాలి లోయ అడుగుకి దిగి చెరువులా నిలుస్తుంది. పైన వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పొగ ఆ మూత దాకా లేచి, ఇక పైకి పోలేక అడ్డంగా పరుచుకుంటుంది. కొత్త గొట్టం పొగని సరిగ్గా పై వరస ఇళ్ల కిటికీల ఎత్తుకి తీసుకెళ్లింది. మైదానంలో పనికొచ్చే మందు లోయలో రోగాన్ని పక్కింటికి మార్చింది.

మొదటి రోజు: బాయిలర్ గదిలోకి వెళ్లకుండా

అలవాటుగా నేను తెల్లవారుజామునే వెళ్తాను, ఎవరికీ చెప్పకుండా దూరంగా నిలబడి పొగని చూస్తాను. పొగ రంగు చాలా చెబుతుంది. తెల్లగా వచ్చి కొద్ది దూరంలోనే మాయమైతే అది చాలావరకు నీటి ఆవిరి. నల్లగా ఉంటే మసి. నీలంగా లేదా పసుపు కలిసిన బూడిద రంగులో ఉండి, ఎంత దూరం పోయినా మాయమవకుండా తేలుతుంటే అది కాలని తారు ఆవిరి చల్లబడి సూక్ష్మ బిందువులైన పొగ. ఆ తెల్లవారుజామున నేను చూసింది ఈ మూడోది. గొట్టం నుంచి నెమ్మదిగా, బలం లేకుండా కారుతున్నట్టు వచ్చింది. పది గంటలకి మళ్లీ చూస్తే పొగ కనబడనే లేదు. గొట్టం పైన గాలి వేడికి వణకడం తప్ప ఏమీ లేదు.

అదే బాయిలర్, అదే ఇంధనం. మారింది గంట ఒక్కటే.

పరీక్ష ఎప్పుడు చేశారో నివేదికలో వెతికాను. పగలు పదకొండు నుంచి మూడు మధ్య, పూర్తి లోడ్ మీద, అంటే బాయిలర్ పూర్తి శక్తితో మండుతుండగా. పరీక్షలు మామూలుగా జరిగే తీరే అది. ఇంకో విషయం కూడా ఉంది. ధూళి పట్టే ఫిల్టర్‌ని వేడిగా ఉంచి కొలిచారు. ఆ వేడికి తారు ఆవిరి ఆవిరిగానే ఫిల్టర్ దాటిపోతుంది, తూకంలోకి రాదు. బయటికొచ్చి చల్లగాలి తగిలాకే అది కణాలుగా మారుతుంది. నివేదిక అబద్ధం చెప్పలేదు. బాయిలర్ గడిపే అత్యుత్తమ గంటని, పొగలో ఒక భాగాన్నే పట్టగల ఫిల్టర్‌తో కొలిచింది.

ఐరోపా సమాఖ్యలో 500 కిలోవాట్ల దాకా ఘన ఇంధన బాయిలర్లకి 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఎకోడిజైన్ (పర్యావరణ ప్రమాణాల) నిబంధన ఈ లోపాన్ని కొంత గుర్తించింది. ఇంధనాన్ని యంత్రమే వేసుకునే బాయిలర్ల ఉద్గారాల లెక్కలో పూర్తి లోడ్‌కి 15 శాతం బరువే ఇచ్చి, తక్కువ లోడ్‌కి 85 శాతం ఇస్తుంది. మంచి అడుగే. కానీ అక్కడ కూడా మంట రాజేసే అరగంటా, రాత్రంతా మంటని అణచి ఉంచే గంటలూ లెక్కలోకి రావు.

లాగ్ బుక్ చెప్పింది

బాయిలర్ ఆపరేటర్ ఓపికస్తుడు. రోజూ గంటగంటకీ నీటి వేడి, ఇంధనాన్ని లోపలికి తోసే ఫీడర్ స్క్రూ ఆగిన సమయాలు రాసి పెట్టాడు. ఆ పుస్తకం లేకపోతే ఈ కేసు తేలేది కాదు. ఏడాదిలో అత్యంత చలి రోజుకి సరిపోయేలా బాయిలర్ సైజు నిర్ణయించారు. అలాంటి రోజులు ఏటా కొన్నే. మిగతా చలికాలమంతా, ముఖ్యంగా రాత్రుల్లో, కావలసింది 80 కిలోవాట్ల చుట్టుపక్కల. ఈ రకం బాయిలర్ నిలకడగా మండాలంటే కనీసం 30 శాతం లోడ్, అంటే 150 కిలోవాట్లు కావాలి. అంతకన్నా తక్కువ అడిగితే కంట్రోల్ ప్యానెల్ గాలి కట్టేసి మంటని అణిచేస్తుంది. కాసేపటికోసారి కొద్ది ఇంధనం, కొద్ది గాలి ఇచ్చి నిప్పు ఆరిపోకుండా చూస్తుంది.

"రాత్రంతా నివురుగప్పిన నిప్పే మేడమ్, పొద్దున్నే ఊదితే చాలు మండుతుంది," అన్నాడు ఆపరేటర్, అదొక సౌకర్యంలాగా. అతను చెప్పిన మాటే రోగం పేరు.

కలప గానీ గడ్డి గానీ నేరుగా మండదు. వేడికి ముందు నీరు పోతుంది, తర్వాత దానిలోంచి వాయువులు, తారు ఆవిర్లు లేస్తాయి. మంట అంటే ఆ వాయువులు మండడమే. అవి పూర్తిగా కాలాలంటే తగినంత వేడి, ఆ వేడిలో తగినంత సేపు ఉండడం, గాలితో బాగా కలవడం, ఈ మూడూ ఒకేసారి కుదరాలి. నివురు దశలో కలప వాయువులు వదులుతూనే ఉంటుంది, కానీ పైన వేడి లేదు, గాలి లేదు. లేచిన వాయువు లేచినట్టే గొట్టంలోకి పోతుంది. అది సరిగ్గా లోయ మీద మూత పడి ఉండే సమయం.

ఆ తల్లి చెప్పిన రెండు తేదీలూ లాగ్ బుక్‌లో చూశాను. రెండు రాత్రులూ బాయిలర్ నివురులోనే ఉంది. దాన్ని రుజువుగా ఎక్కడా రాయలేదు. ఎందుకంటే ఆ నెలలో దాదాపు ప్రతి రాత్రీ నివురులోనే ఉంది.

ఏం ప్రయత్నించాం, ఏది పనిచేయలేదు

ఇంత తెలిశాక కూడా నేను మొదట పట్టుకున్నది తేమని. అందుకు నా కారణం ఇది: ముక్కలని తూచి, ఆరబెట్టి, మళ్లీ తూస్తే తేమ 45 శాతం దాటింది. పచ్చి కలపలో బరువులో సగం దాకా నీరే ఉంటుంది. పూర్తిగా ఆరిన కలప కిలోకి దాదాపు 18.5 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది. సగం నీరున్న కలప కిలోకి దాదాపు 8 మాత్రమే. సగం బరువే కలప కాబట్టి వేడి సగమవుతుంది, అందులోంచి కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. 20 శాతం తేమ అయితే 14 దాటుతుంది. తడి ఇంధనంతో ఫర్నేస్ ఎప్పుడూ వేడెక్కదు, తారు కాలదు. కాబట్టి తేమ ముందు అనుకున్నాను.

ముక్కల కుప్ప మీద కప్పమని చెప్పాను. ఎలా కప్పాలో చెప్పలేదు, అది నా తప్పు. వాళ్లు టార్పాలిన్‌ని నేల దాకా దించి బిగించి కట్టారు. పచ్చి ముక్కల కుప్పలో సూక్ష్మజీవులు పనిచేస్తాయి, లోపల వేడి పుడుతుంది. ఆవిరి బయటికి పోలేక మళ్లీ కుప్ప మీదే కారింది, బూజు పట్టింది. ముక్కలు తోడేటప్పుడు ఆ బూజు ధూళి పీల్చి ఒక పనివాడు రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు. తర్వాత పద్ధతి మార్చాం. కలపని దుంగలుగానే ఒక వేసవి ఎండనిచ్చి, ఆ తర్వాతే ముక్కలు కొట్టించాం. ముక్కలని పైకప్పు ఉండి పక్కలు తెరిచి ఉన్న షెడ్డులో పోశాం. తేమ 25 శాతం దగ్గరికి వచ్చింది.

పగటి మంట బాగుపడింది. రాత్రి పొగ అంతగా మారలేదు. పైగా కొత్త సమస్య వచ్చింది. పొడి ఇంధనంతో గ్రేట్ (ఇంధనం మండే ఇనప జాలీ) మీద వేడి పెరిగి, గడ్డి బూడిద కరిగి గడ్డలు కట్టింది. కలప బూడిద కరగడానికి మామూలుగా 1200 డిగ్రీల సెల్సియస్ పైగా కావాలి. గడ్డిలో పొటాషియం ఎక్కువ, దాని బూడిద 800 నుంచి 1000 డిగ్రీల మధ్యే మెత్తబడుతుంది. క్లింకర్ గడ్డలు గాలి రంధ్రాలు మూసేశాయి. ఒక చోట గాలి ఎక్కువ, ఒక చోట అసలు లేదు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడింది. ఇక్కడ గడ్డి మీద మొదటిసారి అనుమానం వచ్చింది.

నేను లేని వారాల్లో ఒక సర్వీస్ టెక్నీషియన్ వచ్చి సెకండరీ గాలి డ్యాంపర్ (మంట పైన వాయువులకి అందే గాలిని నియంత్రించే తలుపు) బాగా తెరిచి వెళ్లాడు. ఆపరేటర్ సంతోషంగా ఫోన్ చేశాడు: మీటర్‌లో ధూళి ఘనపు మీటరుకి 90 మిల్లీగ్రాముల నుంచి 50కి దిగింది. ఆక్సిజన్ ఎంతుందని అడిగాను. ఇంతకుముందు 11 శాతం, ఇప్పుడు 17. అప్పుడు లెక్క వేసి చూపించాను. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వేర్వేరు రోజుల అంకెలని పోల్చాలంటే ఒకే ఆక్సిజన్ దగ్గరికి తేవాలి. 11 శాతం ఆధారంగా తీసుకుంటే, 21లోంచి 11 తీస్తే 10. 21లోంచి 17 తీస్తే 4. 50ని 10తో గుణించి 4తో భాగిస్తే 125. తగ్గలేదు, 90 నుంచి 125కి పెరిగింది. అదనపు గాలి పొగని పలచన చేసి అంకెని చిన్నది చేసింది, అదే గాలి ఫర్నేస్‌ని చల్లార్చి పొగని ఎక్కువ చేసింది. మజ్జిగలో నీళ్లు పోసి పులుపు తగ్గిందన్నట్టు. ఈ పొరపాటు నేను చాలా బాయిలర్ గదుల్లో చూశాను. ఆక్సిజన్ రాయని ధూళి అంకెని నేను చదవను.

వడపోత కాగితాలు

అప్పుడు ఊహలు ఆపి, మూడు పరిస్థితుల్లో విడివిడిగా నమూనాలు తీశాను. ఈసారి పొగని శుభ్రమైన గాలితో కలిపి చల్లార్చి, ఆ తర్వాత ఫిల్టర్ మీద పట్టాను, తారు కూడా దొరికేలా. కలప మాత్రమే, పూర్తి లోడ్: కాగితం లేత బూడిద రంగు. కలప మాత్రమే, నివురు దశ: ముదురు గోధుమ రంగు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు వాసన. గడ్డి కలిపి, పూర్తి లోడ్: తెల్లటి పొర, వాసన లేదు, కానీ మందంగా ఉంది.

మూడు కాగితాలనీ బల్ల మీద పక్కపక్కన పెట్టి యాజమాన్యానికీ, ఇళ్లవాళ్ల తరఫున వచ్చిన ఇద్దరికీ ఒకేసారి చూపించాను. అంతవరకు ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఆ కాగితాల మీదికి వంగారు.

గోధుమ రంగు అంటే కాలని తారు. దానికి మందు మంట. తెల్ల పొర అంటే లవణాలు, ముఖ్యంగా పొటాషియం క్లోరైడ్. గడ్డిలో పొటాషియంతో పాటు క్లోరిన్ కూడా కలప కన్నా చాలా ఎక్కువ. క్లోరిన్ పొటాషియాన్ని ఆవిరిగా లేపుతుంది. పొగ చల్లబడేటప్పుడు అది ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) కన్నా చిన్న కణాలుగా గడ్డకడుతుంది. మంట ఎంత బాగున్నా ఇది ఆగదు, ఎందుకంటే ఇది కాలేది కాదు. సైక్లోన్‌కీ చిక్కదు. సైక్లోన్ పొగని గిర్రున తిప్పి బరువైన కణాలని గోడకి కొట్టించి పడేస్తుంది. ఐదు పది మైక్రాన్ల కన్నా పెద్దవాటి మీదే ఆ ఒడుపు పనిచేస్తుంది. మైక్రాన్ లోపలివి గాలితో పాటే తిరిగి గాలితో పాటే బయటికి పోతాయి. అలా పోయి ఊపిరితిత్తుల లోతుకి చేరేవీ అవే.

రోగాలు రెండు. ఇప్పటిదాకా అందరం ఒకటే అనుకుని ఒకే మందు వెతికాం.

ఫిల్టర్ ముందా, మంట ముందా

యాజమాన్యం వెంటనే బ్యాగ్ ఫిల్టర్, అంటే పొగని గుడ్డ సంచుల గుండా వడకట్టే యంత్రం, పెడదామంది. విసిగిపోయినవాళ్లు పెద్ద యంత్రం వైపు చూడడం సహజం. నేను వద్దన్నాను. ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించిన నిర్ణయం ఇదే.

బ్యాగ్ ఫిల్టర్ సూక్ష్మ కణాలని 99 శాతానికి పైగా పట్టగలదు. కానీ తారు జిగట. బ్యాగులు మూసుకుపోతాయి, దులిపినా రాలవు. నిప్పురవ్వ వస్తే తారు పట్టిన బ్యాగు అంటుకుంటుంది. ఇంకా ముఖ్యమైనది: పొగ తగినంత వేడెక్కకముందు తేమ చెమర్చి బ్యాగులు పాడవకుండా, వాటిని తప్పించి పొగని నేరుగా గొట్టంలోకి వదిలే బైపాస్ ఉంటుంది. అంటే బాయిలర్ అత్యంత మురికిగా ఉండే గంటల్లోనే ఫిల్టర్ పక్కకి తప్పుకుంటుంది. పగటి శుభ్రమైన పొగని ఇంకా శుభ్రం చేసి, రాత్రి పొగని అలాగే వదలడమవుతుంది. పరీక్ష మళ్లీ నెగ్గుతుంది, వాలు మీద వాసన మళ్లీ ఉంటుంది.

అందుకని ముందు నివురుని తీసేయాలి. తర్వాత లవణాలు.

పనిచేసింది

నివురు ఎందుకు వస్తోంది? బాయిలర్ ఇవ్వగలిగిన కనీస వేడి కన్నా గదులు అడిగేది తక్కువ కాబట్టి. ఆ మిగులు వేడిని దాచుకునే చోటుంటే మంటని అణచాల్సిన పని లేదు. బాగా మండించి, నీళ్లు వేడెక్కించి దాచి, మంటని పూర్తిగా కాలనిచ్చి ఆపేయొచ్చు. ఒక ఘనపు మీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కితే 1.163 కిలోవాట్ గంటలు దాస్తుంది. రాత్రి 80 కిలోవాట్ల లెక్కన సాయంత్రం ఆరు నుంచి ఉదయం తొమ్మిది దాకా 15 గంటలకి 1200 కిలోవాట్ గంటలు కావాలి. 30 ఘనపు మీటర్ల నీరు 35 డిగ్రీల తేడాతో వాడుకుంటే 1221 వస్తుంది. అలా రెండు 15 ఘనపు మీటర్ల ట్యాంకులు వచ్చాయి.

ఉదయం తొమ్మిదే ఎందుకు? ఎండ పొడ తగిలి లోయ మీద మూత విడిపోయేది అప్పుడే. మంట రాజేసే సమయం ఎలాగూ మురికిది. అది తప్పనప్పుడు, గాలి కదిలే గంటకి మార్చడం మా చేతిలో ఉంది.

మొదటి మూడు వారాలు ఇది విఫలమైంది. సాయంత్రం ఆరింటికి ట్యాంకు నిండితే అర్ధరాత్రి దాటిన అరగంటకే బాయిలర్ మళ్లీ రాజుకునేది. ఇళ్లవాళ్లలో కొత్తగా పుట్టిన నమ్మకం ఆవిరవుతోంది. ట్యాంకు పొడవునా వేడి కొలిస్తే పైనా కిందా ఒకటే. వేడినీరు పైన, చల్లనీరు కింద విడిగా నిలవాల్సింది కలిసిపోతోంది. కారణాలు రెండు. లోపలికి వచ్చే నీరు జోరుగా పడి ట్యాంకుని కలియబెడుతోంది. అసలు కారణం ఇంకా దూరంగా ఉంది: హాస్టళ్లలో పాత రేడియేటర్ లైన్లకి బైపాస్ వాల్వులు తెరిచి ఉండి, వేడినీరు గదుల్లోకి పోకుండానే తిరిగొస్తోంది. వెనక్కొచ్చే నీరే వేడిగా ఉంటే ట్యాంకులో వాడుకోగల తేడా 35 కాదు, 15 డిగ్రీలే. 30 ఘనపు మీటర్లని 1.163తో, 15తో గుణిస్తే 523 కిలోవాట్ గంటలు. 80తో భాగిస్తే ఆరున్నర గంటలు. అర్ధరాత్రి పన్నెండున్నర. లెక్క నిమిషాలతో సహా సరిపోయింది.

ఇద్దరు ప్లంబర్లు వారం రోజులు గదిగది తిరిగి ఆ వాల్వులు కట్టేశారు, ట్యాంకులోకి నీరు నెమ్మదిగా విచ్చుకుని దిగేలా వెడల్పు మూతులు పెట్టారు. వాలు మీది పొగకి మందు హాస్టల్ మెట్ల కింది వాల్వులో దొరికిందని చెప్తే ఇప్పటికీ కొందరు నమ్మరు.

ఆ తర్వాత మామూలు చలి రోజుల్లో బాయిలర్ రోజుకి ఒకసారే రాజుకుంది. గడ్డకట్టే చలిలో ఆగకుండా ఎక్కువ లోడ్ మీద నడిచింది, అది శుభ్రమైన స్థితే. మధ్యస్థంగా ఉండే కొన్ని రాత్రుల్లో రెండోసారి రాజేయక తప్పలేదు. అందుకోసం 20 శాతం లోపు తేమ ఉన్న ముక్కలని విడిగా ఒక తొట్టిలో ఉంచాం, రాజేయడానికి అవే వాడేలా. అరగంట పట్టే పొగ పది నిమిషాల్లో తేరుకుంది.

గడ్డి సంగతి అంత సులువుగా తేలలేదు. ఆపేయమనడం నాకు తేలిక. కానీ ఒక రైతు అడిగాడు: "మీరు కొనకపోతే పొలంలోనే అగ్గి పెడతాం, ఆ పొగ ఎవరి లెక్కలో రాస్తారు?" సమాధానం నా దగ్గర లేకపోలేదు, కానీ అతని ప్రశ్న న్యాయమైనది. ఆరుబయట తగలబెడితే తారూ మసీ లవణాలూ అన్నీ కలిసి నేల ఎత్తులోనే పోతాయి. చివరికి ఒక చలికాలం గడ్డి ఆపి కలపతోనే నడిపాం. మంట నిలకడకొచ్చిందని కొలిచి నిర్ధారించుకున్నాకే సైక్లోన్ వెనక బ్యాగ్ ఫిల్టర్ పెట్టాం. రవ్వలని సైక్లోన్ ముందే ఆపుతుంది, రాజేసే ముందు ఫిల్టర్‌ని విడిగా వేడి చేస్తారు, కాబట్టి బైపాస్ తెరవాల్సిన అవసరం చాలా అరుదు. గడ్డి అప్పుడు తిరిగొచ్చింది, అదీ ఎక్కువ లోడ్ నడిచే రోజుల్లోనే. కోసిన వెంటనే తెచ్చిన పసుపు గడ్డి కాకుండా, పొలంలో ఒకటి రెండు వానలకి తడిసి ఆరిన బూడిదరంగు గడ్డినే తీసుకుంటారు. పొటాషియం, క్లోరిన్ నీటిలో కరిగిపోయేవి. వాన వాటిని చాలావరకు నేలలోకే తిరిగి దించేస్తుంది.

ఫిల్టర్ కింద దొరికిన బూడిదని పొలాలకి పంపొద్దని గట్టిగా చెప్పాను. గ్రేట్ కింది బూడిద మట్టికి మంచిదే. కానీ కాడ్మియం, జింక్ లాంటి త్వరగా ఆవిరయ్యే లోహాలు పొగతో లేచి సూక్ష్మ ధూళిలో పోగవుతాయి. అంతకుముందు సైక్లోన్ బూడిదనీ గ్రేట్ బూడిదనీ ఒకే బండిలో వేసి పంపేవారు. ఇప్పుడు వేర్వేరు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఎక్కడికి పిలిచినా మొదట అడిగేది పరీక్ష నివేదిక కాదు, లాగ్ బుక్. అది లేకపోతే రెండు వారాలు రాయించాకే వెళ్తాను.

రోజు సగటుని ఒక్కదాన్నే చూడడం మానేశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం పీఎం 2.5 కణాలు (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి) 24 గంటల సగటున ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు, ఏడాది సగటున 5 దాటకూడదు. ఒక ఇంటి దగ్గర 22 గంటలు 3 ఉండి, రెండు గంటలు 150 ఉందనుకోండి. మొత్తం 366, ఇరవై నాలుగుతో భాగిస్తే 15.25. కాగితం మీద గీత దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ రెండు గంటలూ ఉబ్బసం ఉన్న పిల్లవాడు నిద్రపోయే గంటలైతే?

ఇళ్ల దగ్గర చిన్న లేజర్ సెన్సర్లు పెట్టేటప్పుడు ఒకటి ఎప్పుడూ పొగ చేరని ఎదుటి వాలు మీద కూడా పెడతాను. మంచు పట్టిన తెల్లవారుజామున ఈ సెన్సర్లు నీటి బిందువులని కూడా కణాలుగా లెక్కపెట్టి ఎక్కువ చూపిస్తాయి. ఒకదాని అంకెని నమ్మకుండా రెండింటి మధ్య తేడాని చూస్తే అది చాలావరకు కొట్టుకుపోతుంది.

ఆ రెండో సెన్సర్ వల్లే ఇంకో విషయం తేలింది. బాయిలర్ రాత్రి ఆగిపోయాక కూడా, మూడో వరస ఇళ్ల దగ్గర రాత్రి తొమ్మిది తర్వాత అంకె పెరిగేది. ఎదుటి వాలు మీద పెరిగేది కాదు. బాయిలర్ ఆగి ఉందని లాగ్ చెబుతోంది. మిగిలింది ఇళ్లలోని కట్టెల పొయ్యిలు. పడుకునే ముందు నిండా కట్టెలు పేర్చి, తెల్లవార్లూ నిప్పు ఉండాలని గాలి కట్టేస్తారు. ఫిర్యాదు చేసినవాళ్లకి ఈ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇన్నేళ్లు బాధపడ్డవాళ్లని తప్పుపట్టినట్టు వినిపిస్తుందని భయం. చివరికి అవే వడపోత కాగితాలు పట్టుకుని ఆ అబ్బాయి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ అనుమతితో ఆ రాత్రి వాళ్ల పొయ్యి గొట్టం దగ్గర ఇంకో కాగితం పట్టాను. తెల్లారి రెండూ పక్కన పెట్టి చూశాం: బాయిలర్ నివురు కాగితం, పొయ్యి కాగితం. రంగు ఒకటే, వాసనా ఒకటే.

ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే రాత్రి గాలి తెరిచి ఉంచి, తక్కువ కట్టెలతో పడుకునేలోపే పూర్తిగా కాలనివ్వాలా?" అని అడిగారు. అవునన్నాను. తెల్లవారుజామున ఇల్లు చల్లబడుతుందని కూడా చెప్పాను, ఎందుకంటే అది నిజం. పొయ్యి చుట్టూ రాతి పలకలు పేర్చుకుంటే కాస్త వేడి నిలుస్తుందని చెప్పి, ఎంత మందం కావాలో ఆవిడతోనే కూర్చుని లెక్క వేశాం.